శివుడు లేని నంది

మొన్న పిల్లలంతా వేషాలు కట్టే హాలోవీన్ సాయంత్రం మా బాత్రూమ్ నిండా జుట్టుకు రాసే జెల్ వాసన. తొమ్మిదేళ్ల మా అమ్మాయి ప్యాంటు జారకుండా భుజాల మీదుగా ఎర్ర సస్పెండర్లు తగిలించుకుని, జుట్టు వెనక్కి దువ్వి, ప్లాస్టిక్ చుట్ట నోట్లో పెట్టుకుని, "అమ్మా, ఐ యామ్ ద వాల్ స్ట్రీట్ గై!" అంది. షాపులో ఆ వేషం ప్యాకెట్ మీద రాసున్న పేరే అది. నాకు ఒళ్లు మండిపోయింది. షేర్ల వ్యాపారానికి పేరుపడ్డ ఆ వీధిలో ఇరవై రెండేళ్లు పనిచేసిన మా నాన్న పక్కగదిలో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు.

నా చిన్నప్పుడు పార్సిప్పనీ అనే ఊళ్లో మా అపార్ట్‌మెంట్లో తెల్లారకముందే తిరగమోత ఘాటుకి మెలకువ వచ్చేది. అమ్మ పెరుగన్నం కలిపి, పక్కన ఆవకాయ ముక్క పెట్టి డబ్బా కట్టేది. నాన్న దాన్ని నల్ల బ్యాగులో సర్దుకుని, చలికాలమైతే రెండు స్వెట్టర్ల మీద కోటు బిగించి, బూట్ల కింద మంచు కరకరలాడుతుంటే బస్సుకి నడిచేవాడు. ఆఫీసులో ఆవకాయ వాసనకి ఎవరేమంటారోనని వీధి చివర బెంచీ మీద కూర్చుని తినేవాడట. పెద్ద బ్యాంకు కంప్యూటర్లు ఆగిపోకుండా చూడటం ఆయన పని. అవి నడిచినన్నాళ్లూ ఆయన ఒకడున్నాడని ఎవరికీ గుర్తుండేది కాదు.

వేసవిలో ఇండియా నుంచి చుట్టాలెవరొచ్చినా పులిహోర కట్టుకెళ్లి ఆ వీధి చూపించాల్సిందే. "ఇంతేనా? మా కూరగాయల బజారు సందు నయం" అని పెదవి విరిచేవాళ్లు. ఒకసారి అమ్మమ్మ అక్కడ షేర్ మార్కెట్‌కి గుర్తుగా నిలబెట్టిన కంచు ఎద్దు బొమ్మను చూసి చెంపలేసుకుంది. శివుణ్ణి నంది వెనకనుంచి, కొమ్ముల మధ్యగా కదా చూడాలి, అందుకని వెనకున్న క్యూలో భక్తిగా నిలబడింది. ఆ క్యూలో వాళ్లు అదృష్టం కోసం ఎద్దును ఎక్కడ తడుముతున్నారో దగ్గరికెళ్లాక కనబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుని గబగబా వచ్చేసింది.

"నంది ఉంది సరే బాబూ, శివుడేడీ?"

"ఇక్కడ శివుడు లేడు అత్తయ్యగారూ. నందికే మొక్కుతారు," అన్నాడు నాన్న.

మేం పడీ పడీ నవ్వాం. నవ్వే మాట కాదది. ఆ మొక్కినవాళ్లనే సినిమాలు హీరోలను చేశాయి. లోకాన్ని నిలువునా ముంచినవాడికి ఖరీదైన కోటూ, కారూ, చప్పట్లు కొట్టించే డైలాగులూ! మా క్లాసు పిల్లలకి వాడే దేవుడు. సిగ్గులేకుండా నేనూ ఆ గొప్ప వాడుకున్నాను, మా డాడ్‌ది వాల్ స్ట్రీట్ అని.

అమ్మానాన్నలు బడికొచ్చి తమ ఉద్యోగాల గురించి చెప్పే రోజు ఒకటుండేది. నాన్న సెలవు పెట్టి మరీ వచ్చాడు, మెడలో బ్యాడ్జి, భుజాన ఆ నల్ల బ్యాగుతో. పిల్లలు ఎదురుచూస్తున్న మనిషి ఆయన కాదు. "మీ డాడ్ రాలేక కంప్యూటర్లు బాగుచేసేవాణ్ణి పంపాడా?" అన్నాడు నా పక్క సీటువాడు. అవునన్నాను. నాన్న విన్నాడు. టీచర్ పరిచయం చేయబోతే ఆవిడ నా పేరు ఎత్తేలోపే "గుడ్ మార్నింగ్, ఐ ఫిక్స్ కంప్యూటర్స్" అని నవ్వుతూ మొదలుపెట్టాడు. ఇంట్లో ఆయన ఆ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

హాలోవీన్ తర్వాతి శనివారం పిల్లనీ నాన్ననీ వెంటబెట్టుకుని వెళ్లాను, తాతయ్య నిజంగా ఎక్కడ పనిచేశాడో దానికి తెలియాలని. బెంచీ లేదు. ఆఫీసు లేదు; ఆ బిల్డింగంతా ఇప్పుడు డబ్బున్నవాళ్ల అపార్ట్‌మెంట్లు, కింద జిమ్. డబ్బా కట్టిన అమ్మ కూడా పోయి మూడేళ్లయింది. నాన్న అద్దాల తలుపు దగ్గర నిలబడి తన అంతస్తు ఏదా అని పైకి చూస్తుంటే యూనిఫాం వేసుకున్న డోర్‌మ్యాన్ బయటికొచ్చాడు.

"డెలివరీస్ వెనక డోర్ నుంచి," అన్నాడు ఇంగ్లీషులో.

"హీ ఈజ్ మై ఫాదర్!" అని అరిచాను. వీధిలో జనం ఆగి చూశారు. డోర్‌మ్యాన్ సారీ చెప్పినా నా నోరు ఆగలేదు. "మై ఫాదర్! అర్థమైందా? మై ఫాదర్!"

నాన్న నా చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకొచ్చాడు.

"ఊరుకోమ్మా," అన్నాడు. "అప్పుడు నువ్వు చిన్నపిల్లవి."