చెక్క పడవని ఎండబెట్టాను

“చెక్క పడవని ఎవరు ఎండబెట్టారే?”

“నేనేనయ్యా. నానిపోతోందని.”

మా ఆయనకీ నాకూ అవే ఆఖరి మాటలు. నే చెబుతుంటే రాయవే సలోమీ. మా అక్క కూతురివి, నీకైనా చెప్పాలి.

పదహారేళ్ళు మిలట్రీలో పడవల మీదే పనిచేశాడు. దిగొచ్చాక పర్చూరు దగ్గర ఎకరంన్నర మిరప వేసుకున్నాం. కృష్ణకి వరదొస్తే పడవలు నడపడానికి రమ్మని మండలం ఆఫీసరు గారు కబురు పెట్టారు. గురువారం పొద్దున ఆరింటికి కరకట్ట మీద దిగాం. ఒకటే వాన. మా ఆయన, ఇంజను నడిపే సరంగు, వాకీటాకీ పట్టుకున్న గుమాస్తా. వంటకి నేను.

పడవలు రెండు. ఫైబరుది తేలిక, చీకిపోదు, ఏటా పని పెట్టదు. కానీ చీలిందా, అతుకు వెయ్యాలంటే పొడిగా ఉండాలి. వానలో అంటుకోదు. చెక్కదానికి ఏటా చాకిరే. గోకాలి, సందుల్లో దూది కూరాలి, గుగ్గిలం పట్టించాలి. అయినా దెబ్బ తగిలితే గోనెగుడ్డ కుక్కి, రేకు కొట్టి, అలాగే నడిపించొచ్చు. అందుకని ఆయన ఆర్డరు: ఏట్లోకి ఫైబరు, కంచెరాళ్ళున్న తోటల్లోకి చెక్క.

ఆదివారం ఎండ కాసింది. ఆయన ఏట్లో ఉన్నాడు. ఒడ్డున చెక్క పడవ నిండా నీళ్ళు. ఆయనే నింపి పెట్టాడని నాకు తెలీదు. కాయ చెమ్మగిల్లితే ప్రాణం పోయినట్టుండే మనుషులం, తడి కనపడితే ఎండబెట్టడమే తెలుసు. నలుగురు ఆడాళ్ళని పిలిచి, నీళ్ళు తోడించి, బోర్లించాను.

మంగళవారం మూడింటికి కబురొచ్చింది. నిమ్మతోటలో షెడ్డు మీద ముగ్గురున్నారని. చెక్కదాన్ని నీళ్ళలోకి తోస్తే సందుసందునా నీళ్ళు.

“మిరపకాయలనుకున్నావా అమ్మా?” అన్నాడు సరంగు. రాత్రంతా నానితేగానీ చెక్క ఉబ్బి సందులు పూడవంట.

అప్పుడే మా ఆయన ఆ మాట అడిగింది. నా జవాబు విని తిట్టనైనా తిట్టలేదు. ఆయనా సరంగూ ఫైబరు ఎక్కి పోయారు.

నాలుగింటికి వాకీటాకీలో ఆయన గొంతు. “రాయి తగిలింది. అడుగు చీలింది. ముగ్గుర్నీ మళ్ళీ షెడ్డెక్కించాం.”

“మీరెక్కడున్నారు సార్?” అన్నాడు గుమాస్తా. మళ్ళీ పలకలేదు.

సరంగు ఒక్కడే ఈదొచ్చాడు. వస్తూనే చెక్క పడవని నీళ్ళలో ముంచి పెట్టాడు. తెల్లారి అందులోనే వెళ్ళి ముగ్గుర్నీ తెచ్చాడు. మా ఆయన్నీ తెచ్చాడు.

చుక్క నీరు కారలేదు సలోమీ. ఆయన కింద పలకలు పొడిగా ఉన్నాయి. అన్నం తింటున్నా నాకవే కనపడతాయి.

వ్యానులో ఇంటికి తెచ్చాం. పాస్టరు గారు దేవుడి చిత్తం అన్నారు. మా మరుదులు ఫైబరుదాన్ని తిట్టారు. నేను నోరు మెదపలేదు.

ఎండబెట్టింది నేనేనని రాశావా, మెత్తగా చేశావా? ఏదీ, మొదట్నించీ చదువు.