మెల్లగా పాడే పెట్టెలు

సినిమాహాల్లో పనిచేసేవాళ్లు ఆయన్ని వెనకాల వాల్యూమ్ గారు అనేవారు. ఆ పేరు పెట్టింది గేటు దగ్గర టిక్కెట్లు చింపే ఆవిడ. సంగతి ఆయనకి తెలుసు, పట్టించుకోలేదు. దాదాపు ముప్పయ్యేళ్లు ఆ హాల్లో శబ్దం బాధ్యత ఆయనదే. ప్రొజెక్టరు గదిలో చిన్న కిటికీ తెరిచి పెట్టుకుని, హాల్లో ఎలా వినబడుతోందో చెవి ఒగ్గి వింటూ మీట తిప్పేవాడు. ఆఖరి వరసలో కూర్చున్నవాడికి గుండెలో దడ పుట్టకపోతే వాడు సినిమా చూడనట్టే లెక్క అనేవాడు. కాస్త తగ్గించమని మేనేజరు కబురు పంపితే, తగ్గించానని చెప్పి ఊరుకునేవాడు.

ఇంట్లోనూ అదే వరస. ముందుగదిలో నడుమెత్తు నల్ల పెట్టెలు రెండు ఉండేవి. ఆయన పాట పెడితే మేడమీదివాళ్ల గిన్నెలు కదిలేవి. భార్యకి ఆ రోజుల్లో దాంతో పేచీ లేదు. ఆమె కుట్టుపని నేర్పే బడిలో టీచరు. వరసగా పరుగెత్తే మిషన్ల మధ్య రోజంతా గొంతు పెంచి మాట్లాడే మనిషి. మొగుడూ పెళ్లాం కూరగాయల ధరల గురించి మాట్లాడుకుంటున్నా, కొత్తగా వచ్చినవాళ్లు పోట్లాట అనుకుని గుమ్మంలోనే ఆగిపోయేవారు.

హాలు మూతపడి ఆయన ఇంటిపట్టున ఉండటం మొదలైన ఏడే ఆమెకి పెద్ద జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గాని చెవులు మారిపోయాయి. చెంచా కప్పుకి తగిలితే సూది గుచ్చినట్టు ముఖం ముడుచుకునేది. తలుపు దబ్బున పడితే తల పట్టుకుని కూలబడేది. మిషన్ల గదిలో అడుగుపెట్టడం కుదరక ఉద్యోగం మానేసింది. గుండీలు, అంచులు, చేత్తో కుట్టేవేవైనా ఇంటికి తెచ్చుకుని కుట్టడం మొదలుపెట్టింది.

దాంతో ఇల్లంతా మెత్తబడింది. కుర్చీల కాళ్లకి రబ్బరు తొడుగులు వచ్చాయి, తలుపుల సందుల్లో గుడ్డ మడతలు చేరాయి, స్టీలు గరిటెల చోట చెక్క గరిటెలు వేలాడాయి. నల్ల పెట్టెల్ని బావమరిది పట్టుకుపోయాడు. వాల్యూమ్ గారు పిల్లిలా నడవడం నేర్చుకున్నాడు. ఇద్దరూ ముందు గొంతులు తగ్గించుకున్నారు, తర్వాత సైగల్లోకి దిగారు. సైగల్లో చెప్పడానికి వీల్లేని సంగతులు చెప్పుకోవడం మెల్లగా మానేశారు.

ఆమె చెవులు చూపించడానికి వెళితే, ఈ మాట విని చెవుల డాక్టరు తల అడ్డంగా ఊపింది. ఇంత నిశ్శబ్దం మంచిది కాదంది. పని లేని చెవి చీమ నడిచినా ఉరుమనుకుంటుంది, రోజూ కాసేపు మెత్తటి శబ్దం అలవాటు చేయాలి, సంగీతమైతే మరీ మంచిది, మనిషి మాట కన్నా చిన్నగా ఉండాలి అని చెప్పి పంపింది. బయటికి వచ్చాక ఆమె భర్త ముఖంలోకి చూసింది. "సంతోషమేగా మీకు?" అంది మెల్లగా. ఆయన దారి పొడవునా ఏ స్పీకర్లు కొనాలా అనే ఆలోచించాడు.

ముందు పాత నల్ల పెట్టెల్నే వెనక్కి తెప్పించి చూశారు. ఆమె భరించగలిగినంతకి తగ్గిస్తే పాటలో మాట ఒక్కటే మిగిలింది. డ్రమ్ములు ఎటో పోయాయి, మిగతా వాయిద్యాలు ఎండిపోయాయి.

"ఏనుగుని గుసగుసలాడమన్నట్టుంది బావా," అన్నాడు బావమరిది.

ఆయనకి కారణం తెలుసు. శబ్దం తగ్గేకొద్దీ మనిషి చెవి మద్దెల, డ్రమ్ముల్లాంటి అడుగు స్వరాలను ముందుగా వదిలేస్తుంది. ఈ పెట్టెలా, బలంగా తోస్తేగాని నిద్ర లేచేవి కావు. మెల్లగా పాడినా నిండుగా పాడేవి కావాలి.

ఊరి నడిబొడ్డున, మెట్లెక్కి వెళ్లే స్పీకర్ల షాపు ఒకటుంది. గోడలకి మందపాటి గుడ్డ, నేల మీద తివాచీ, గది మధ్యలో ఒక్కటే సోఫా. కొనేవాళ్ల వెనక నిలబడి, వాళ్ల మెడలు చూసే నచ్చిందో లేదో చెప్పేస్తుందని ఆ షాపు యజమానురాలికి పేరు. వచ్చిన ప్రతివాడూ శబ్దం పెంచమంటాడు. ఈయన తగ్గించమన్నాడు. తగ్గిస్తే, ఇంకా అన్నాడు. చివరికి గోడ గడియారం టిక్కుటిక్కు వినబడింది.

"ఇంతకన్నా తగ్గిస్తే ఆపేసినట్టేనండి," అందావిడ.

"అక్కడే ఉంచండి," అని కళ్లు మూసుకున్నాడు.

కొన్ని వారాలు అలా తిరిగాడు. బొద్దుగా, ముద్దుగా ఉన్న చిన్నవాటిలో అడుగు స్వరం లేదు. ధర వింటేనే కళ్లు తిరిగే పెద్దవాటిలో కొన్ని తగ్గిస్తే మొద్దుబారిపోయాయి. ఆఖరికి సన్నగా, పొడుగ్గా ఉన్న జత ఒకటి కుదిరింది. శబ్దం వచ్చే గుండ్రాలు ఒకదాని మీద ఒకటి మూడు. మద్దెల మోత మెత్తగానైనా నిలబడింది. కొన్నాళ్లు ఇంట్లో పెట్టుకుని చూడండి, నచ్చకపోతే మారుద్దాం అని యజమానురాలు పంపించింది. మెట్ల మీంచి వాటిని మోసుకొచ్చిన బావమరిది, ఇవి పాడకపోయినా అలమరకి పనికొస్తాయని సర్టిఫికెట్టు ఇచ్చాడు.

ఆ సాయంత్రం ఆమె లోపలిగది గుమ్మంలో కుర్చీ వేసుకుని, చేతిలో కుట్టుతో కూర్చుంది. ఆయన ముందుగది మధ్యలో కూర్చున్నాడు. పాట మొదలైంది. కాసేపటికి ఆమె సూది పక్కన పెట్టేసింది. ముఖం ముడుచుకోలేదు.

"ఆ వయొలిన్ ఎంత బాగుందండీ," అంది.

"ఏ వయొలిన్?"

హాస్యమాడుతున్నాడనుకుని ఆమె నవ్వింది. వయొలిన్ ఎక్కినప్పుడు వేలు పైకి, దిగినప్పుడు కిందికి కదుపుతూ చూపించింది. ఆయన లేచి పెట్టె దగ్గరికి వెళ్లి పైగుండ్రానికి చెవి ఆనించాడు. అప్పుడు దారంలా సన్నగా వినబడింది. ఇంకాస్త పెంచాడు. ఆమె చెవులు మూసుకుంది. తగ్గించాడు. దారం తెగిపోయింది.

పెట్టెల్లో లోపం ఉందని ఆయన తేల్చాడు. జత మార్చారు. రెండోదీ అంతే. ఈ సంగతి మీద ఇద్దరూ చాలా కాలానికి గట్టిగా పోట్లాడుకున్నారు. అదీ గుసగుసల్లోనే. బాగా వినబడుతున్నాయని ఆమె, పైస్వరాలు చచ్చిపోయాయని ఆయన. మూడో జత కోసం వెళ్లినప్పుడు ఆమె కూడా చెవులకి దూది పెట్టుకుని వెంట వెళ్లింది. ఆయన యజమానురాలికి పెట్టెల తప్పులు ఏకరువు పెట్టాడు. యజమానురాలు ఆమె వైపు చూసింది.

"లోపం పెట్టెలది కాదండీ," అంది భార్య.

మర్నాడు అదే చెవుల డాక్టరు దగ్గరికి, ఈసారి ఆయన కోసం వెళ్లారు. అద్దాల గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినబడ్డప్పుడల్లా మీట నొక్కమన్నారు. అద్దం బయట నిలబడి ఆమె చూస్తూ ఉంది. మొదట్లో వేలు టకటకా ఆడింది. తర్వాత, శబ్దాలు పంపుతూనే ఉన్నా, చాలాసేపు కదల్లేదు. ఆయన మాత్రం పరీక్ష అయిపోయిందేమో అన్నట్టు అటూ ఇటూ చూశాడు. కాగితం మీద గీత కొంత దూరం తిన్నగా నడిచి, ఒక్కసారిగా కిందికి జారింది. ఏం పని చేసేవారని డాక్టరు అడిగింది. సినిమాహాల్లో సౌండు అన్నాడు. ఆవిడ ఆ మాట గీత పక్కనే రాసుకుంది.

చెవి మిషను ఇచ్చారు. మనుషుల మాటలకి బాగానే పనికొచ్చింది. పాటకి మాత్రం రేకు మీద వాన పడ్డట్టుందని తీసి పక్కన పెట్టాడు. కొన్నాళ్లు ఇంట్లో పాట పెట్టలేదు. పొడుగు పెట్టెలు తిరిగిచ్చేసి, ఆమె ఒక్కదానికి సరిపోయేలా చిన్నవేవో తెస్తానన్నాడు.

"నాకొక్కదానికైతే రేడియో చాలు," అందామె. "నేను వింటూ ఉంటే మీరు గోడ చూస్తూ కూర్చుంటారా? నాకేం బాగుంటుంది?"

ఆయన బజారుకి వెళ్లి వచ్చేసరికి ముందుగది మధ్యలో ఉండాల్సిన కుర్చీని ఆమె పెట్టెల ముందుకి లాగి పెట్టింది. చెయ్యి చాస్తే వాటికి తగిలేంత దగ్గర. తన కుర్చీ మాత్రం గుమ్మంలోంచి కదపలేదు. పాట పెట్టమంది. మీట అక్కడే ఉంది, శబ్దం అంతే, కానీ ఆయన దగ్గర నిండుగా, ఆమె దగ్గర మెత్తగా ఉంది. వయొలిన్ కొంత వినబడింది. అయితే కొత్త చిక్కు వచ్చింది. అంత దగ్గర కూర్చుంటే మద్దెల మోకాళ్ల దగ్గర, గొంతు ఛాతీ దగ్గర, వయొలిన్ నెత్తి మీద. మూడు గదుల్లో ముగ్గురు కూర్చుని వాయిస్తున్నట్టుందన్నాడు.

మళ్లీ షాపుకి వెళ్లారు. ఈసారి ఏం కావాలో ఆయన తడుముకోకుండా చెప్పాడు. ఒకరు చేతికందే దూరంలో, ఒకరు పక్కగది గుమ్మంలో కూర్చుని, ఒకే పాట, ఒకే మోతాదులో వినాలి. యజమానురాలు కాసేపు ఆలోచించి లోపలి నుంచి ఒక జత తెప్పించింది. పొట్టిగా, గోధుమరంగు చెక్కతో, పాతకాలం రేడియో పెట్టెల్లా ఉన్నాయి. పెద్ద గుండ్రం నడుమనే చిన్న గుండ్రం అమర్చి ఉంది. శబ్దమంతా ఒక్క చోటి నుంచే వస్తుందంది.

ఆయన వాటి ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఆమె దూది తీసేసి దూరంగా తలుపు దగ్గర నిలబడింది. యజమానురాలు గడియారం వినబడేదాకా తగ్గించింది. కాసేపటికి ఆయన కుడిచేతి వేలు లేచి, మెల్లగా పైకీ కిందికీ కదలసాగింది. ఆమె గమనించింది.

"ఇవే ఇవ్వండి," అంది యజమానురాలితో, ఆయన్ని అడగకుండానే.

పెట్టెలు అందంగా లేవని ఆయన దారిలో ఒకసారి అన్నాడు. ఆ తర్వాత అనలేదు.

ఇప్పుడు సాయంత్రాలు వాళ్లింటికి వెళితే వింతగా ఉంటుంది. ఆయన పెట్టెల్లో దూరిపోయినట్టు ముందుకి వంగి, భార్యకి వీపు పెట్టి కూర్చుంటాడు. ఆమె గుమ్మంలో కుట్టుకుంటూ ఉంటుంది. అలిగారేమోనని మేడమీది ఆవిడ ఒకసారి ఆరా తీసింది. అంత ఖరీదు పెట్టి కొన్నవి ఏనాడూ వినబడవేమని కూడా అడిగింది. మీకు వినబడకుండా ఉండటానికే అంత ఖరీదన్నాడాయన.

అన్నీ ఆయనకి వినబడతాయని కాదు. మరీ సన్నని స్వరాలు దగ్గర కూర్చున్నా అందవు. వాటి గురించి ఆమె చెప్పదు, ఆయన అడగడు. ఆమె చెవులు కొంత నయం. ఈమధ్య పక్కవీధి నుంచి ఇద్దరు అమ్మాయిలు చేతికుట్టు నేర్చుకోవడానికి వస్తున్నారు. వాళ్లున్నంతసేపూ ఆయన చెవి మిషను పెట్టుకుని వంటగదిలో కాఫీ కలుపుతూ, వాళ్ల కబుర్లు వింటుంటాడు.