నొప్పి సున్నా అన్న పెద్దాయన

ఈ రోజు న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో ఒక ఆసుపత్రికి వెళ్లాను. క్యాన్సర్ రోగుల బాగోగులు అడిగే ఫారాన్ని అరబిక్‌లోకి మార్చారు. అది రోగులకు సరిగ్గా అర్థమవుతోందా అని పరీక్షిస్తుంటే, అనుమతి తీసుకుని పక్కన కూర్చున్నాను. ఎదురుగా సిరియా నుంచి వచ్చిన పెద్దాయన, ఆయన భార్య. ప్రశ్నలు అడుగుతున్నది అనువాదకురాలు హనా. ప్రతి మాటా నాకు ఇంగ్లీషులో చెప్పిందీ ఆమే.

నొప్పికి సున్నా నుంచి పది వరకు అంకె వేయమంటే, "దేవుడి దయ, సున్నా" అని వేసేశారు పెద్దాయన. చేయి మాత్రం కుర్చీని వదల్లేదు. ఈ ఫారం చూశాకే డాక్టరు నొప్పి మందు పెంచాలో లేదో నిర్ణయిస్తారు.

"అబద్ధం!" అంది భార్య.

"నువ్వుండు" అన్నారాయన.

హనా ఫారం పక్కన పెట్టింది. "నమాజు నిలబడే చేస్తున్నారా అంకుల్?"



"రెండు వారాలుగా కుర్చీలోనే. వంగితే లేవలేకపోతున్నాను" అన్నారాయన. "ఇది దేవుడి మీద ఫిర్యాదని రాయవు కదమ్మా?"

"మీ నడుము మీద ఫిర్యాదు అంకుల్."

ఆయనే సున్నా కొట్టేసి ఎనిమిది వేశారు.

అనువాదంలో ఒక్క తప్పూ లేదు. అయినా ఫారంలోని ప్రశ్నకు నిజం రాలేదు. మా నాన్న కూడా డాక్టరు ముందు "పర్లేదండీ" అనే రకమే. మీ ఇంట్లో పెద్దవాళ్ల చేత నిజం చెప్పించే ప్రశ్న ఏది?