ఆరో కోర్సు

అమెరికాలో, శాన్ రామన్‌లో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్లాను. వచ్చే ఏడాదికి ఏపీ అనే కాలేజీ స్థాయి కోర్సులు ఎంచుకునే రోజులవి. హైస్కూల్లో చదివే మేనకోడలు సహస్ర లెర్నర్ పర్మిట్‌తో కారు నడుపుతోంది. పక్కన వాళ్లమ్మ, వెనక నేను.

“మంచి కాలేజీకి ఐదు ఏపీలు చాలవే. ఫిజిక్స్ కూడా యాడ్ చెయ్. మీ ఫ్రెండ్ ఆరు తీసుకుంటోందట!” అంటోంది చెల్లెలు.

కారు పక్క లేన్‌లోకి జారిపోయింది. లారీ హారన్ మోగింది. చెల్లెలు స్టీరింగ్ పట్టి లాగింది. తెల్లవార్లూ చదివిన పిల్ల నడుపుతూనే నిద్రపోయింది.

ఉలిక్కిపడి లేచి, “సారీ అమ్మా, ఓకే, ఫిజిక్స్ తీస్కుంటా,” అంది.

చెల్లెలు కారు పక్కకి ఆపించింది. “వద్దు నాన్నా, ఉన్నవాటిలోనే రెండు డ్రాప్ చేద్దాం,” అంటూ ఏడ్చేసింది.

పత్రికలో ఎన్నో రోడ్డు ప్రమాదాల వార్తలు రాశాను. బతికి బయటపడ్డవాళ్లు మొదట దేవుణ్ణో, అమ్మనో తలుచుకుంటారు. కళ్లు తెరుస్తూనే చదువు గురించి మాటిచ్చిన పిల్లని మాత్రం ఆ ఒక్కరోజే చూశాను.