దొంగలు ముట్టని సైకిల్

మా తాత సైకిల్ నా చేతికొచ్చేనాటికి దానికి నాకన్నా రెట్టింపు వయసు. నల్లరంగు, తోలు సీటు, డైనమో లైటు. తిరుమలగిరి నుంచి బొల్లారానికి ఉద్యోగానికి తాత దాని మీదే వెళ్లొచ్చేవాడు. మోకాళ్లు మొరాయించాక దాన్ని తుడవడమే ఆయన ఉద్యోగమైంది. నేను డిగ్రీలో చేరినప్పుడు, "పోగొట్టినవనుకో, ఇంట్లకు రాకు" అని చెప్పి మరీ ఇచ్చాడు. నవ్వుతూనే అన్నాడు గానీ నాకు నవ్వు రాలేదు.

ఇప్పుడు పాత సైకిళ్లకు గిరాకీ పెరిగింది. కాఫీ షాపుల వాళ్లు గోడలకు వేలాడదీయడానికి కొంటున్నారట. మా కాలేజీ స్టాండులో అప్పటికే రెండు మాయమయ్యాయి, ఒకటి గొలుసు తాళంతో సహా. నాకు పాఠం తలకెక్కేది కాదు. స్టాండు కనిపించే కిటికీ పక్క బెంచీ కోసం రోజూ తగువే.

ఆ సంగతి చెప్తే తాత వంటింట్లోంచి నిమ్మకాయ తెచ్చి రెండుగా కోశాడు. కోసిన చోట కుంకుమ అద్ది, నల్లదారంతో క్యారియర్‌కు కట్టాడు. ఆయన ఇలాంటివి నమ్మే మనిషి కాదు. నాలుగు రోడ్ల కూడలిలో ఎవరో దిష్టి తీసి పెట్టిన కొబ్బరికాయను ఇంటికి తెచ్చి చట్నీ చేయించిన ఘనుడు.

"తాళమైతే పలగ్గొడ్తరు. దీన్నెవడు ముట్టుకుంటడు?" అన్నాడు.

"మరి నాకేమన్నా అయితే?"

"ఏమైతది బిడ్డా? పచ్చడికి తెచ్చిన నిమ్మకాయ అది."

మందు బ్రహ్మాండంగా పనిచేసింది. దొంగల మాట అటుంచి, నా సైకిల్‌కు అటూ ఇటూ ఎవరూ బండి కూడా పెట్టేవారు కాదు. రోజూ నా వెనక కూర్చుని వచ్చే స్నేహితురాలికి అసలు విషయం చెప్పాను. "తెలుసే, కానీ దీన్నెక్కానని మా అమ్మకి తెలిస్తే చంపేస్తుంది" అని బస్సెక్కింది. నాకు ఒళ్లు మండింది. మా గల్లీలోనూ అది చేతబడి సైకిలని పేరు పడింది. తాత మాత్రం ఎండిన కాయ తీసి కొత్తది కడుతూ, ఈ కబుర్లన్నీ అడిగి చెప్పించుకుని నవ్వేవాడు.

వాన వెలిసిన ఓ సాయంత్రం మలుపులో జారి పడ్డాను. ఎడమ చెయ్యి విరిగింది. ఆ మలుపులో పడనివాళ్లు మా గల్లీలో తక్కువ. నాన్న నన్ను ఆస్పత్రి నుంచి కట్టుతో తీసుకొచ్చేసరికి, తాత నిమ్మకాయను కర్రతో ఊడదీసి, దూరం నుంచే సైకిల్ మీద పసుపునీళ్లు కుమ్మరిస్తున్నాడు. నా చేతివైపు చూడలేకపోయాడు.

"పచ్చడి నిమ్మకాయ అన్నవ్ కద తాతా?"

"అన్న. ఇప్పుడు జెర బుగులైతున్నది బిడ్డా."

ఇక నన్ను దాన్ని ఎక్కనివ్వలేదు. తనూ ముట్టుకోలేదు. అమ్ముదామంటే, కొన్నవాళ్లకు కీడు చుట్టుకుంటుందన్నాడు. దొంగకు చుట్టుకుంటే మాత్రం మనకు పాపం లేదట. అందుకని నాన్నతో దాన్ని గేటు బయట, తాళం వేయకుండా పెట్టించాడు.

మా గల్లీలో దాన్ని ఎత్తుకుపోయే మొనగాడు ఎవడున్నాడు? తాత పొద్దున్నే గేటు తీసి చూసేవాడు. "ఉన్నదా?" అని లోపలి నుంచి అడిగేదాన్ని. "ఉన్నది" అనేవాడు, విసుగ్గా. ఆ విసుగు వెనక సంతోషం దాచడం ఆయనకు చేతనయ్యేది కాదు.

ఒకరోజు పెద్ద వాన మొదలైంది. తాత గొడుగు తీసుకుని గబగబా బయటికి నడిచాడు. వద్దని అరుస్తూ కిటికీ దగ్గరికి వెళ్లాను. సైకిల్‌కు చెయ్యి తగలనివ్వకుండా, సీటు మీదుగా గొడుగు చాచి పట్టుకుని, పక్కనే తడుస్తూ నిలబడ్డాడు.