సాలీడు వీపు మీద తారు

దోహాలో మా కంపెనీ మూసేశాక ఇంటికొచ్చి పడ్డాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్త. మామిడికుదురు పక్కన మా ఊళ్ళో, గల్ఫ్ నుంచి వచ్చినవాణ్ణి మొదటి వారం "బాగున్నారాండీ?" అంటారు. ఆ తర్వాత అందరిదీ ఒకటే మాట, "మళ్ళీ ఎప్పుడండీ ప్రయాణం?" అని. అరుగు మీద కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికెళ్ళాలో తెలిసేది కాదు. సైకిలేసుకుని సెంటర్ దాకా వెళ్ళి, ఎవరూ పలకరించకముందే తిరిగొచ్చేసేవాణ్ణి. "కాలుకాలిన పిల్లిలా అలా తిరక్కండి, కాస్త కూచోండి" అనేది మా ఆవిడ. కూర్చుంటే "అలా కూచుంటే ఎలాగండీ?" అనేదీ ఆవిడే.

ఆ రోజుల్లోనే మా తోటలో కొబ్బరి దింపు జరుగుతుంటే ఒక గెలతో పాటు ఆ సాలీడు కింద పడింది. ఇంట్లో మూలల్లో గూళ్ళు కట్టే రకం కాదు. కాళ్ళు చాపితే నా అరచేయంత ఉంది. ఒళ్ళంతా బూడిదరంగు నూగు, ముందు కాళ్ళ అడుగున పసుపు చారలు. దింపువాళ్ళు అవతలికి గెంతారు. ఒకాయన కొబ్బరిమట్ట ఎత్తాడు. నేను గబుక్కున ప్లాస్టిక్ బకెట్ దాని మీద బోర్లించేశాను.

"చంపెయ్యాలండి బాబూ. ఒంటి మీద పాకిందంటే పొక్కులొచ్చేత్తాయి" అన్నాడాయన.

"నేను చూసుకుంటాలెండి" అన్నాను. ఎందుకలా అన్నానో నాకే తెలీదు. ఏదో ఒకటి చూసుకోవాలని చేతులు దురద పెడుతున్నట్టున్నాయి.

చేపలు చచ్చిపోయి ఖాళీగా పడున్న గాజు తొట్టె ఒకటి ఇంట్లో ఉంది. అందులో కొబ్బరిపొట్టు పరిచి, దాక్కోడానికి ఒక పెంకుముక్క పెట్టి, పైన ఇనప వల కప్పాను. మా ఆవిడ గోడ మీంచి పక్కింటావిడతో చెప్పడం వినపడింది. "గల్ఫ్ నించి వచ్చినోళ్ళు స్కూటర్లు కొంటారండి. మావారు సాలీణ్ణి పెంచుతున్నారు."

అమ్మ పోయాక నాన్నగారు కొబ్బరిచెట్ల గురించి తప్ప ఇంకేదీ పెద్దగా మాట్లాడేవారు కాదు. తొట్టె ముందు ఒకసారి ఆగి, "ఏం తింటది?" అని అడిగి, తోటలోకి వెళ్ళిపోయారు.

బొద్దింకలు తినేది, మిడతలు తినేది. వాటిని పట్టి తేవడం నా ఉద్యోగమైంది. పొద్దున్నే చేలో మిడతల వేట, సాయంత్రం వంటింట్లో బొద్దింకల వేట. దానికి నా మీద ప్రేమేమీ లేదు, అంత పిచ్చివాణ్ణి కాదు నేను. కానీ వల తియ్యగానే అది ముందు కాళ్ళు ఎత్తుకుని పెంకు కిందనించి బయటికొస్తే నాకు బాగుండేది. ఆ ఇంట్లో నా వల్ల జరుగుతున్న పని అదొక్కటే. అది చచ్చిపోతే నేను మళ్ళీ అరుగు మీదికి పోవాలి. ఆ భయం నాకు రోజూ ఉండేది.

ఒక ఉదయం అది గాజు మీంచి పైదాకా పాకి వలకి వేలాడింది. గోరు తీగలో ఇరుక్కున్నట్టుంది, గింజుకుని గింజుకుని పెంకుముక్క అంచు మీద పడింది. వెనక గుడ్డులా ఉండే పొట్ట పైభాగం చిట్లి, నీళ్ళలాంటిదేదో కాస్త నీలంగా ఊరుతోంది. తుడిస్తే మళ్ళీ ఊరుతోంది.

పశువుల ఆసుపత్రికి సైకిలు తొక్కాను. డాక్టరుగారు నవ్వలేదు, అందుకు ఆయన్ని ఇప్పటికీ తలుచుకుంటాను. "గేదెకైతే కుట్లేస్తానండి. ఇది టరంటులా జాతయ్యుంటది, దీనికి నేనేం చెయ్యగలను? కారడం ఆగితే బతుకుద్ది. ఆగకపోతే లేదు. అంతేనండి" అన్నారు.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ దూరం నుంచే చెయ్యి చాపి గాయం మీద పసుపు చల్లుతోంది. పసుపు ఆ తడిలో కొట్టుకుపోయింది. నేను లోపలికీ బయటికీ తిరుగుతున్నాను. అప్పుడొచ్చారు నాన్నగారు. కళ్ళజోడు పెట్టుకుని, తొట్టెలోకి వంగి చాలాసేపు చూశారు.

"కారుడే ఇది" అన్నారు.

కొబ్బరిచెట్టు కాండం పగిలి రసం కారుతుంటే మా వైపు అక్కడ బెరడు గీకి తారు పూస్తారు. తారు పూస్తే కారడం ఆగుతుంది, చెట్టు నిలబడుతుంది. నాన్నగారి చేతుల మీద అలా బతికిన చెట్లు మా తోటలో చాలా ఉన్నాయి. ఆయన తారు డబ్బా తెచ్చి, కాస్త వెచ్చచేసి కొబ్బరిచిప్పలో పోసి, వేలికి కాలకుండా చల్లారేదాకా ఆగి, ఈనుపుల్ల కొసతో ఒక్క చుక్క పెట్టారు. కారడం ఆగిపోయింది.

"దిష్టిచుక్క పెట్టేసేరు మావయ్యగారు" అంది మా ఆవిడ. నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. వారం తిరక్కుండా అది మిడతని పట్టింది. నాన్నగారు తోటలోకి వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి తొట్టె దగ్గర ఆగేవారు. "చుక్క ఊడలేదు కదా?" అని అడిగేవారు. ఆయన నాతో రోజూ మాట్లాడటం అప్పుడే మొదలైంది.

కొన్ని నెలలకి అది తినడం మానేసింది. బొద్దింక వేస్తే దూరంగా జరిగేది. నేను పదిసార్లు వల తీసి చూడటం, పదిసార్లు మూయడం. ఒక మధ్యాహ్నం అది వెల్లకిలా పడి ఉంది. "పోయిందండి" అంది మా ఆవిడ, వేళాకోళం లేకుండా. చేత్తో తీద్దామని వంగితే కాలు కదిలింది. తల దగ్గర చర్మం మూతలా లేచింది. లోపల్నుంచి తెల్లగా, తడిగా ఇంకో సాలీడు బయటికొస్తోంది.

చెట్టు కుబుసం విడవదు. మాకు తెలిసింది చెట్లు. సాలీడు పాముల్లా చర్మం విడుస్తుందని మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు.

కాళ్ళు ఒక్కొక్కటే బయటపడ్డాయి. పొట్ట రాలేదు. చిట్లినచోట తారు పాత చర్మాన్నీ కొత్త చర్మాన్నీ కలిపి పట్టేసింది. అది లాగుతోంది, ఆగుతోంది, మళ్ళీ లాగుతోంది. నేను గోడని పిడికిలితో గుద్దుతున్నాను. "కత్తెర తెచ్చి కోసేస్తాను" అన్నాను.

"కొయ్యకు" అన్నారు నాన్నగారు. తారు పూసిన ప్రతిసారీ ఆయన చేతులకి కొబ్బరినూనె రాసి మరకలు వదిలించుకుంటారు. చిప్పలో నూనె తెచ్చి, ఈనుపుల్లతో ఒక్కో చుక్కా తారు అంచున వేస్తూ కూర్చున్నారు. "నాన్తదిరా. ఆగు."

తారు మెత్తబడుతోంది. నల్లగా కరిగి నూనెలో కలుస్తోంది. కానీ సాలీడు ఆగలేదు. ఎనిమిది కాళ్ళూ పాత చర్మానికి తన్ని ఒక్కసారి లాక్కుంది. కొత్త చర్మం చిరిగింది. ఈసారి ఊరింది చాలా ఎక్కువ. మా ఆవిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాళ్ళు మెల్లిగా లోపలికి ముడుచుకున్నాయి.

"నేనే చంపేనురా దీన్ని" అన్నారు నాన్నగారు.

"అలా అనకండి నాన్నగారూ. మీ తారుతోనే ఇన్నాళ్ళూ బతికింది."

అది నిజమే. ఆయనన్నదీ నిజమే. నాకు ఆయన మీద కోపం వస్తుందేమోనని చూసుకున్నాను, రాలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆయన మాత్రం ఈనుపుల్ల వదల్లేదు. చిప్పలో ముంచి, అంచున వేసి, మళ్ళీ ముంచుతున్నారు.

"పోయింది నాన్నగారూ" అన్నాను.

"తెలుసురా. ఇంకొక్క చుక్క వెయ్యనీ. పాత చర్మం ఊడొచ్చేస్తది."

నేను పక్కన కూర్చుని చిప్ప పట్టుకున్నాను.