తెల్లబండ ఉపదేశి మొగులమ్మ

తెల్లబండలో మొగులమ్మను ఎరగని ఇల్లు లేదు. మోనిక అంటే మాత్రం సగం ఊరికి తెలియదు. బడి రిజిస్టరులో, రేషన్ కార్డులో, కుల సర్టిఫికెట్టులో ఆమె మొగులమ్మ. మాదిగవాడ చివర రేకులు కప్పిన మరియమాత గుడిలో, అక్కడి జ్ఞానస్నానాల పుస్తకంలో మోనిక. వాళ్ల తాతల కాలం నుంచీ వాడలో అందరికీ అట్లా రెండేసి పేర్లు ఉంటూ వచ్చాయి. అదొక చిక్కవుతుందని ఎవరూ అనుకోలేదు.

తెల్లబండ తాండూరుకు పన్నెండు కిలోమీటర్లు. చుట్టూ కంది చేన్లు, వాటిని దాటితే నాపరాళ్ల గనులు. ఆ గని దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని మొగులమ్మ భర్త చిన్నప్ప ముప్పై అయిదేళ్లకే పోయాడు. అప్పటికి కూతురు రుచితకు ఇంకా పాలు మాన్పించలేదు.

మరియమాత గుడికి ఫాదరు నెలకొక్కసారి వస్తాడు. ఆయన చూసుకోవలసిన ఊళ్లు పద్నాలుగు. మిగతా ఆదివారాలన్నీ ఉపదేశివి. పిల్లలకు జపాలు నేర్పడం, మంచం పట్టినవాళ్ల దగ్గర కూర్చుని జపమాల చెప్పడం, ఫాదరు అందకపోతే చావు దగ్గర ప్రార్థన నడిపించడం ఉపదేశి పని. ఊళ్లో ఆ పని మొగులమ్మ మేనమామ చేసేవాడు. కళ్లు మసకబారాక పుస్తకం ఆమె చేతికిచ్చి తాను పక్కన నిలబడేవాడు. ఒక ఏడాది గడిచేసరికి ఆయన నిలబడటం కూడా మానేశాడు. అట్లా ఆమె ఉపదేశి అయింది. రమ్మన్నవాళ్లు లేరు, వద్దన్నవాళ్లూ లేరు. ఇరవై రెండేళ్లు గడిచాయి.

గుడి పనితోపాటు ఊరి పని కూడా ఆమె మెడకే చుట్టుకుంది. ఉపాధి హామీ పనుల్లో కూలీల హాజరు రాసే మేటు ఆమే. పింఛను ఆగితే ఆమెను పిలుస్తారు, నొప్పులొస్తే తాండూరు ఆసుపత్రికి ఆమెను తోడు రమ్మంటారు. కరోనా రోజుల్లో సుధాకర్ రెడ్డి తల్లి గౌరమ్మ చనిపోతే, సొంత కోడళ్లు గుమ్మం దాటి రాలేదు. మొగులమ్మ మూతికి కొంగు కట్టుకుని వెళ్లి ఆ ముసలమ్మకు స్నానం చేయించి, చీర కట్టింది. ఊళ్లో ఎక్కువ భూమి ఉన్న ఇల్లు అది. ఆ ఇంటి లోపలి గదిలోకి ఆమె అడుగుపెట్టడం అదే మొదటిసారి.

పాతికేళ్లకోసారి కతోలికులు జరుపుకునే జూబిలీ సంవత్సరం వచ్చింది. ఊళ్లలో సేవ చేసిన ఆడవాళ్లకు వికారాబాద్‌లో సన్మానం చేస్తున్నామని, తాను ఆమె పేరు పంపానని ఫాదర్ ఇన్నయ్య చెప్పాడు. ఆయన గుంటూరు వైపు మనిషి, నెమ్మదస్తుడు.

"నాకెందుకు ఫాదర్, సిస్టరమ్మలు ఉన్నరు గద," అంది మొగులమ్మ.

"సిస్టర్లకు ఇల్లు ఉంది, మఠం ఉంది. నీకు ఏముందమ్మా?" అన్నాడు ఆయన. "ఇంకో మాట. వచ్చే ఏడాది బిషప్ గారు ఉపదేశులను తన చేతులమీదుగా నియమిస్తారు. ఇన్నాళ్లూ ఏదో చేస్తున్నారంటే చేస్తున్నారు. ఇక మీదట అది గుడి ఒప్పుకున్న పదవి. ఆ జాబితాలో కూడా నీ పేరు రాశాను."

సభ రోజు మైకులో ఆమె రెండు పేర్లూ కలిపి పిలిచారు. శాలువా కప్పారు. వెనక ఫ్లెక్సీ మీద "ఇరవై రెండేళ్లుగా క్రీస్తు సేవలో" అని పెద్ద అక్షరాలు. హైదరాబాద్‌లో నర్సింగ్ రెండో ఏడు చదువుతున్న రుచిత సెలవు పెట్టుకుని వచ్చింది. తల్లి ఫొటో తీసి, "మా అమ్మ" అని రాసి తన వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకుంది. తిరుగు బస్సులో మొగులమ్మ శాలువాను ఒళ్లో పెట్టుకుని పరిగి దాకా దాని అంచు నిమురుతూ కూర్చుంది. తర్వాత, "మీ నాయన ఉంటే నవ్వేటోడు," అని మాత్రం అంది.

రెండు నెలలకు పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. తెల్లబండ సర్పంచి పదవి ఎస్సీ మహిళకు పడింది. ఉపాధి పనికి వచ్చే ఆడవాళ్లు పదిమంది ఆమె వాకిట్లో కూర్చున్నారు. లేవమంటే లేవలేదు.

"సుధాకర్ రెడ్డి భాగమ్మను నిలబెడుతుండు. భాగమ్మ అంటే పటేలే గదా," అంది ఒకామె. "నువ్వు నిలబడక్కా. నువ్వు గెలుస్తవు. మన వాడల మురికినీళ్ల మోరీ అన్న బాగుపడుతది."

భాగమ్మ సుధాకర్ రెడ్డి జీతగాడి భార్య. మొగులమ్మకు తోటికోడలి వరస. మంచి మనిషి, నోట్లో నాలుక లేదు. మొగులమ్మ మూడు రోజులు వద్దంది. నాలుగో రోజు పెట్టెలోంచి కుల సర్టిఫికెట్టు తీసింది.

నామినేషన్ల పరిశీలన పక్క ఊరి పంచాయతీ ఆఫీసులో జరిగింది. ఆమె కాగితాల దగ్గరికి వచ్చేసరికి సుధాకర్ రెడ్డి మనిషి ఒకడు లేచి అభ్యంతరం ఉందన్నాడు. రంగుల ఫొటో ఒకటి బల్ల మీద పెట్టాడు. శాలువా, ఫ్లెక్సీ, వాటి ముందు చేతులు జోడించిన మొగులమ్మ. రుచిత పెట్టిన ఫొటోయే. ఎవరి ఫోనులోంచి ఎవరి ఫోనుకు పోయిందో.

అధికారి చిన్న వయసువాడు. ఫొటో చూశాడు, సర్టిఫికెట్టు చూశాడు. "గీ ఫొటోల ఉన్నది మీరేనా అమ్మా?"

"నేనే సార్."

"సర్టిఫికెట్టుల హిందూ మాదిగ అని ఉన్నది. క్రైస్తవులైతే బీసీ కిందికొస్తరు, ఎస్సీ సీటుకు నిలబడరాదు. తెలుసు గద?" ఆయన గొంతు తగ్గించాడు. "ఒక్కటే అడుగుత, జర ఆలోచించి చెప్పుండ్రి. హిందువునే అని ఒక్క లైను రాసిస్తే నేను సర్టిఫికెట్టు చూసి ఒప్పుకుంట. ఫొటో సంగతి వాళ్లు కోర్టుల చూసుకుంటరు."

ఆయన మేలు కోరే అడిగాడు, ఆమెకు అది అర్థమైంది. కిటికీ అవతల ఆమె కోసం వచ్చిన ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఏసును భటులు పట్టుకున్నప్పుడు, ఆయన ఎవరో నాకు తెలియదని శిష్యుడు రాయప్పగారు మూడుసార్లు బొంకిన కథ ఆమె ఎన్ని ఆదివారాలు పిల్లలకు చెప్పిందో. ఆ పిల్లల తల్లులు ఇద్దరు ఆ కిటికీ దగ్గరే ఉన్నారు.

"కాదు సార్," అంది. "మేము కతోలికులం. మా తాత కాలం కెల్లి."

అధికారి ఆ మాటే రాసుకున్నాడు. నామినేషను చెల్లలేదు.

బయట సుధాకర్ రెడ్డి బైకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆమెను చూసి దగ్గరికి వచ్చాడు. "మొగులమ్మా, మా అమ్మకు నువ్వు చేసింది నేను మరువలే. గది వేరే, గిది వేరే. మనసుల పెట్టుకోకు."

"మరువకుంటే మంచిదే పటేలా," అని నడిచిపోయింది.

భాగమ్మ సర్పంచి అయింది. సంతకం ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడుతుంది. నల్లా దగ్గర ఎదురుపడితే తల దించుకుంటుంది. "నా చేతుల ఏమున్నదక్కా," అంటుంది.

అంతటితో ఆగినా మొగులమ్మ ఓర్చుకునేది. సంక్రాంతి వెళ్లాక తాండూరు రెవెన్యూ ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. క్రైస్తవురాలినని ఆమే అధికారి ముందు చెప్పింది కాబట్టి, ఎస్సీ సర్టిఫికెట్టు ఎందుకు రద్దు చేయకూడదో చెప్పమని అందులో ఉంది. ఆ సర్టిఫికెట్టును చూపించి తీసుకున్నదే రుచిత సర్టిఫికెట్టు. నర్సింగ్ సీటు దాని మీదే వచ్చింది, హాస్టలు దాని మీదే నడుస్తోంది.

నోటీసు సంగతి విని రుచిత హైదరాబాద్ నుంచి వచ్చింది. మూడో రోజు అన్నం ముందు కూర్చుని, "అమ్మా, ఆ ఫొటో పెట్టింది నేనే," అంది.

"నీ తప్పేం లేదు బిడ్డా. దాసుకునే పని నేనేం చెయ్యలే."

"దాసుకోకుంటే ఏమైందో చూసినవు గద. నేను గూడ మాదిగబిడ్డనే అమ్మా. హాస్టల్ల నా పక్క మంచం పిల్ల నా గ్లాసుల నీళ్లు తాగదు. గుడికి పోతనని తెలిస్తే మాత్రం తాగుతదా? గుడికి పోతే కులం పోతదని కాయితం అంటది. ఎక్కడ పోయిందో నాకు చూపియ్యమను." రుచిత ఏడవలేదు. "వకీలును అడిగిన. ఆ రోజు తెలువక చెప్పిన, మేము హిందువులమే, గుడికి పోవుడు బంజేసిన అని నువ్వు రాసిస్తే ఆగుతదట. లేకుంటే నా చదువు ఈ ఏడాదితోనే అయిపోతది. గని దగ్గర బండలు మోయమంటే మోస్త. నీ ఇష్టం."

మొగులమ్మ ఆ వారమంతా గుడి తలుపు తీసి లోపల ఊడ్చింది, దీపం పెట్టింది, మోకరించింది. జవాబేదీ వినపడలేదు. శుక్రవారం నాడు కూతురితో కలిసి తాండూరు పోయింది. ఆఫీసు మెట్ల మీద వకీలు రాసి తెచ్చిన కాగితం రుచిత చదివి వినిపించింది. "చదవకు, ఎక్కడ పెట్టాల్నో చూపియ్యి," అంది తల్లి. మూడు కాపీలు. మూడింటి మీదా ఇంగువ డబ్బా మీద ఉండేటంత చిన్న అక్షరాలతో మొగులమ్మ అని రాసింది.

ఆ కాగితం నకలు కూడా ఫోన్లలో తిరిగింది. నెలపూజకు వచ్చిన ఫాదర్ ఇన్నయ్య ఆమె ఇంటికి నడిచి వచ్చాడు. గుడికి ఆమె వెళ్లలేదు కాబట్టి. రాసిచ్చింది నిజమో కాదో ఆఫీసువాళ్లు విచారిస్తారని, ఆ విచారణ పూర్తయ్యే దాకా అటు అడుగు పెట్టవద్దని వకీలు గట్టిగా చెప్పాడు.

"ఎందుకు రాశావని నేను అడగను," అన్నాడు ఫాదరు. మంచం మీద కూర్చోమన్నా కూర్చోలేదు. "తల్లివి. దేవుడికి తెలుసు."

"మీకు తెలిస్తే చాలు ఫాదర్."

ఆయన గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. "మిగతా ఊళ్లవాళ్లు అడుగుతున్నారమ్మా. విశ్వాసం లేదని సంతకం పెట్టినామె పిల్లలకు విశ్వాసం ఎట్లా నేర్పుతుందని. పైనవాళ్లూ అడిగారు. ఆ జాబితాలోంచి నీ పేరు తీయవలసి వచ్చింది. నేను తీయలేదు, తీసేటప్పుడు అడ్డమూ పడలేకపోయాను."

"మరి పిల్లలకు ఎవరు చెప్తరు?"

"ఎవరినైనా పంపుతాను," అన్నాడు ఆయన.

ఎవరూ రాలేదు. పంపడానికి మనుషులుంటే ఇరవై రెండేళ్లు ఆమె ఒక్కతే ఎందుకు చేస్తుంది? పిల్లలు రెండు ఆదివారాలు గుడి అరుగు మీద కూర్చుని చూశారు. మూడో ఆదివారం నుంచి క్రికెట్ ఆడుకుంటున్నారు. కొన్ని ఇళ్లవాళ్లు పక్క ఊళ్లో కొత్తగా వెలసిన వేరే క్రైస్తవ సంఘానికి పోతున్నారు. అక్కడ పాటలు బాగుంటాయట.

వాడలో ఆమెను ఎవరూ తిట్టలేదు. కానీ చావులకు, రోగాలకు పిలవడం మానేశారు. పింఛను కాగితాలు ఇప్పుడు భాగమ్మ ఇంటికి పోతున్నాయి, అక్కడి నుంచి సుధాకర్ రెడ్డి ఇంటికి. రుచిత సీటు పోలేదు. ఉంటుందని కూడా ఎవరూ చెప్పలేదు. విచారణ నడుస్తోంది అంటారు, అడిగిన ప్రతిసారీ.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం మల్లయ్య కొడుకు వచ్చాడు. మల్లయ్య వాడలో అందరికన్నా పెద్దవాడు. నెలరోజులుగా మంచంలో ఉన్నాడు.

"అత్తా, నాయనకు ఆయాసం వస్తున్నది. నిన్ను తోలుకరమ్మంటుండు."

"ఫాదర్‌కు ఫోన్ చేసినవా?"

"చేసిన. హైదరాబాద్‌ల ఉన్నడట. రేపు పొద్దుగాల వస్తనన్నడు. నాయన రేపటిదాక ఉండడత్తా."

ఆమె చెప్పులు వేసుకుని గుమ్మం దాకా వచ్చింది. విచారణకు వచ్చిన రెవెన్యూ ఉద్యోగి ముందురోజే వాడలో తిరిగి, మొగులమ్మ ఇంకా ప్రార్థనలు చేయిస్తోందా అని ఇల్లిల్లూ అడిగి పోయాడు. ఎదురు దుకాణం దగ్గర సుధాకర్ రెడ్డి మనిషి కూర్చుని ఉన్నాడు, చేతిలో ఫోను. ఆమె వైపు చూస్తున్నాడో, ఫోనులో ఏదో బొమ్మ చూసుకుంటున్నాడో తెలియలేదు. ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది.

"నేను రాలేను కొడుకా," అంది. "నాయనకు చెప్పు."

అతను ఆమెను ఒక్కసారి చూసి వెళ్లిపోయాడు. మూడు గంటలకు మల్లయ్య పోయాడు. ఆ ఎండకు శవం ఆగదని పొద్దు గూకకముందే తీసుకుపోయారు. డప్పు ఆమె ఇంటి ముందు నుంచే పోయింది. గుంత దగ్గర పుస్తకం చదివేవాళ్లు లేక, నలుగురూ మట్టి వేసి వచ్చేశారని తర్వాత పక్కింటామె చెప్పింది.

మొగులమ్మ తలుపు మూసి, గోడ వైపు తిరిగి కూర్చుని, చనిపోయినవాళ్ల కోసం చెప్పే జపం లోలోపల మొదలుపెట్టింది. వందసార్లకు పైగా చెప్పిన జపం. సగానికి వచ్చాక తర్వాతి మాట గుర్తుకు రాలేదు. మళ్లీ మొదటి నుంచి చెప్పింది. మళ్లీ అక్కడే ఆగింది. తర్వాత లేచి పొయ్యి వెలిగించి ఎసరు పెట్టింది.